అడ్డమంచం

పోయిన నెల కంటి ఆపరేషన్ కోసం నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేరాను. జీవితమంతా నర్సుగా పనిచేసినదాన్ని, పేషెంటు మంచం మీద పడుకోవడం నాకే వింతగా ఉంది. పొద్దున్నే ఒక అమ్మాయి మందుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆరో నెంబరూ, చుక్కలేసుకోవాల" అని కేక వేసింది. నేను పలకలేదు. మళ్లీ కేక వేసింది. కట్టు కట్టింది కంటికే, చెవులు బాగానే ఉన్నాయి. అయినా పలకలేదు. చివరికి దగ్గరికొచ్చి భుజం తట్టి, "ఏమ్మా, ఇనపల్యా? అప్పుట్నించి పిలుస్తాండా" అంది.

"నన్నెప్పుడు పిలిచినావు పాపా? నువ్వు గోడను పిలుస్తాంటివి" అన్నాను.

మాట బయటికి వచ్చాక తెలిసింది, అది నా మాట కాదని. ఆ విరుపు, చివర్లో మూతి పక్కకు తిప్పడం, అంతా ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామెది. ఆమె పోయి చాలా కాలమైంది. నా నోట్లో మాత్రం ఇంకా ఉన్నట్టుంది. పేరు రాయను. తన పేరు ఎవరైనా కాగితం మీద రాస్తుంటే ఆమెకు మంట. "పేరు రాసుకుంటాండావు సరే, పిలిచేది ఎప్పుడు?" అని అడిగేది.

డెబ్బైల చివర్లో నా మొదటి ఉద్యోగం నంద్యాలలోనే, ముసలివాళ్ల కోసం నడిచే ఒక మిషన్ ఇంట్లో. ఊళ్లో దాన్ని అవ్వల బంగ్లా అనేవాళ్లు. మాది సంజామల పక్క పల్లె. నాయన మిషన్ బడిలో అయ్యవారు. నర్సింగు పాసై, తెల్లచీర కట్టుకుని, లోకమంతా నా చేతి మీదే బతకాలన్నంత పొగరుతో అక్కడ చేరాను.

ఆ బంగ్లాలో మతం అడగకుండా చేర్చుకునేవాళ్లు. రిటైరైన టీచరమ్మ, రైల్వేలో పనిచేసి పోయిన తమిళాయన భార్య, బళ్లారి వైపు నుంచి వచ్చిన కన్నడం మాట్లాడే అక్కాచెల్లెళ్లు, సాయిబుల ఇళ్ల ఆడవాళ్లు, పొలాలూ గొడ్లూ చూసిన కాపుల ఇళ్ల ఆడవాళ్లు, అందరూ ఉండేవాళ్లు. చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకు ఆ సంగతి మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా దగ్గర అందరూ ఒకటే అనేవాళ్లం. అందరికీ ఒకటే మంచం, ఒకటే గోధుమనూక సంగటి, ఒకటే టీ, ఒకటే ప్రార్థన. చేర్చుకునేటప్పుడు ఒకటే అనుకోవడం మంచిదే. చేర్చుకున్నాక కూడా ఒకటే అనుకున్నాం చూడండి, తంటా అంతా అక్కడ వచ్చింది.

బంగ్లా సూపరింటెండెంటు అంతకుముందు మగపిల్లల హాస్టల్లో వార్డెన్. చెడ్డవాడు కాదు. ఒక్క బియ్యపు గింజ కూడా ఇంటికి పట్టుకుపోలేదు. ఫినాయిలు వాసన లేకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. వరసలంటే ప్రాణం. హాల్లో ఉత్తరం గోడకు ఒక వరస, దక్షిణం గోడకు ఒక వరస, తలలు గోడల వైపు, కాళ్లు నడవ వైపు. ఒక్కో మంచం తల పైన గోడ మీద నల్లరంగుతో ఒక అంకె. టీ ఆ అంకెను బట్టి, పత్యం ఆ అంకెను బట్టి, మాత్రలు ఆ అంకెను బట్టి. ఆడవాళ్లను పిలవాల్సి వస్తే "తొమ్మిదీ", "పద్నాలుగూ" అని పిలిచేవాళ్లం. అంకె గుర్తుకు రాకపోతే "ఏయ్ అవ్వా". మా పనివాళ్లకు ఇదంతా చాలా సుఖంగా ఉండేది.

ఆమె వచ్చిన రోజు ఆళ్లగడ్డ బస్సు బస్టాండుకు పోకుండా ముందు మా గేటు దగ్గర ఆగింది. టాపు మీద ఒక నులకమంచం, నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తుకుని. కండక్టరు పైకెక్కి దాన్ని దించుతుంటే కింద ఒక ఎత్తుపాటి ముసలామె నిలబడి, "పట్టె జాగర్త నాయనా, పట్టె! మనిషిని దించినట్ల దించు" అని అజమాయిషీ చేస్తోంది. బస్సు నిండా జనం. ఒక్కరు కూడా ఆలస్యమైందని గొణగలేదు. గొణిగితే ఏమవుతుందో దారి పొడవునా వాళ్లకు తెలిసే ఉంటుంది.

సూపరింటెండెంటు వరండాలోకి వచ్చి, "ఇక్కడ ఇనుప మంచాలున్నాయమ్మా. ఇలాంటివి లోపలికి రావు. నల్లులుంటాయి" అన్నాడు.

"నల్లులా? ఎండకేసి, ఉడుకునీళ్లు పోసి తెచ్చినా. నమ్మకం ల్యాకుంటే నువ్వే పండుకొని చూడప్పా" అంది ఆమె.

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను. ఆమె మంచం వరండాలో వాల్చుకుని, దాని మీద కూర్చుని, వక్కాకు సంచి విప్పింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉంది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరినీ బతిమాలలేదు. వచ్చిపోయేవాళ్లంతా ఆమె మంచం చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. చివరికి సూపరింటెండెంటే విసిగి మంచాన్ని లోపలికి పంపించాడు.

ఆమె మహాత్మురాలని చెప్పడానికి ఇది రాయడం లేదు. వచ్చిన కొత్తలో వంటామె ఏ కులమో ఆరా తీసి, రెండు పూటలు అరటిపండ్లతో గడిపింది. మూడో పూట ఆకలి గెలిచింది. ఆ తర్వాత అదే వంటామె వెంటబడి చెనిక్కాయల ఊరిబిండి నూరమని ప్రాణం తీసేది. తన చెంబు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వక్కాకు నమిలి కిటికీలోంచి ఉమ్మేది, ఆ మరకలు కడగలేక ఆయా రోజూ ఏడ్చేది. సాయంత్రం ప్రార్థనకు వచ్చి ముందు వరసలో కూర్చునేది గానీ కళ్లు మూసుకునేది కాదు. ఎందుకని సూపరింటెండెంటు గద్దిస్తే, "కండ్లు మూసుకుంటే మీ దేవుడు వచ్చినాడో ల్యాదో నాకెట్ల తెలుస్తాది?" అంది. టీచరమ్మ పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమెకు ఒక పట్టు ఉండేది. పిలవనిదే నోరు తెరిచేది కాదు. అన్నం గిన్నె ముందు పెట్టి పోతే అలాగే చల్లారేది. మాత్ర చేతిలో పెడితే పిడికిలి మూసుకుని కూర్చునేది. "పిలిచి ఇయ్యి" అనేది.

"తొమ్మిదీ, మాత్ర వేసుకో" అన్నాను మొదటి రోజు.

"తొమ్మిది ఎవురు?"

"అవ్వా, వేసుకో."

"అవ్వ ఎవురికి? మీ నాయనను నేను కన్యానా? మా ఇంట్లో గొడ్డుకు గూడా పేరుండేది. పేరు పెట్టి పిలిచినాంకనే గడ్డేసేటోళ్లం."

"మరి ఏమని పిలవమంటావు?"

"అది నువ్వు సంపాదిచ్చుకోవాల" అని మూతి తిప్పేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఏదో గొణిగి ఎలాగో మింగించాను. నాకూ ఆమెకూ అలా మొదలైంది.

ఆమెకు ఇచ్చిన చోటు ఉత్తరం గోడకు, తొమ్మిదో అంకె కింద. అక్కడ పడుకుంటే తల ఉత్తరానికి వస్తుంది. మొదటి మధ్యాహ్నమే ఆమె తన నులకమంచాన్ని గిర్రున తిప్పేసి, తల తూర్పుకు పెట్టి, నడవలో అడ్డంగా వాల్చుకుంది. చక్కటి వరసలో ఆ ఒక్క మంచం అడ్డం. సూపరింటెండెంటు దాన్ని చూసి నిలువునా నీరైపోయాడు.

"ఇదేం మూఢనమ్మకమమ్మా? తల ఉత్తరానికి పెడితే చచ్చిపోతారా?" అన్నాడు.

"సస్తారని ఎవురు చెప్పినారు? మా ఇంట్లో ఎవురూ అట్ల పండుకోల్యా. నేను పండుకోను. అంతే" అంది.

ఆయన ఆయా చేత మంచాన్ని పొద్దున్నే నిలువుగా పెట్టించేవాడు. అన్నాలు కాగానే ఆమె అడ్డంగా తిప్పేది. ఇది రోజూ జరిగే తతంగం. ఆమెకు బంగ్లాలో అడ్డమంచం అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది సూపరింటెండెంటే. ఆమె చెవిన పడ్డప్పుడు మాత్రం, "తొమ్మిది కంటే మేలే" అని ఒప్పుకుంది.

ఎదుటి వరసలో, దక్షిణం గోడకు, పద్నాలుగో అంకె కింద హుసేన్‌బీ ఉండేది. పిట్టంత మనిషి. ఏది ఇచ్చినా తీసుకునేది, ఏది అడగమన్నా అడిగేది కాదు. ఎప్పుడో పడి ఎడమ తుంటి విరిగి వంకరగా అతుక్కుంది, ఆ పక్కకు ఒరగలేదు. షుగరు కూడా ఉండేది. ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. రాత్రీ పగలూ మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కునికేది. డాక్టరు నడుం నొప్పని రాశాడు. మందునూనె ఇచ్చాడు. రోజూ రాశాం. ఆమె కాదనలేదు, పడుకోనూ లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దామె మంచం అడ్డంగా తిప్పుకుని కాళ్లు చాపుకుంది. అవతలి నుంచి హుసేన్‌బీ సన్నని గొంతుతో, "అక్కా, ఒక మాట, ఏమనుకోవద్దు. కాళ్లు పడమరకు పెడ్తివే" అంది.

"పడమరకేముండాది?"

"మా కాబా ఉండేది అటే అక్కా. నువ్వు రోజూ అటు తన్నినట్ల కనపడతాది నాకు."

సూపరింటెండెంటు మాటకు మరుసటి నిమిషమే ఎదురు చెప్పే మనిషి. ఇప్పుడు హుసేన్‌బీకి ఏం వడ్డిస్తుందోనని నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె కాళ్లు ముడుచుకుంది. లేచి, మంచాన్ని తనంతట తనే నిలువుగా పెట్టింది. "ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకున్యావు? చెప్పొద్దా?" అని హుసేన్‌బీ మీదే కేకలేసింది. ఆ తర్వాత హుసేన్‌బీ మంచం మీద కూర్చుని, "సరే, నేను అడ్డం పండుకునేది నాకు ఉత్తరం పనికిరాక. నువ్వు అసలు పండుకోవే, నీకేం పనికిరాదు?" అని అడిగింది.

బంగ్లాలో అంతకాలంగా ఎవరూ అడగని మాట అది. అడిగితే చెప్పడానికి హుసేన్‌బీకి ఒక్క నిమిషం పట్టింది. చిన్నప్పటి నుంచి ఆమెకు తల ఉత్తరానికి పెట్టి, కుడిపక్కకు ఒరిగి, మొహం పడమరకు పెట్టి పడుకోవడం అలవాటు. వాళ్ల అమ్మ అలాగే పడుకోబెట్టింది. ఈ గోడకు తల దక్షిణానికి వచ్చింది. కుడిపక్కకు ఒరిగితే వీపు పడమరకు అవుతుంది. ఎడమపక్కకు ఒరుగుదామంటే తుంటి ఒప్పుకోదు. "ఈ వయసులో ఆడికి వీపు పెట్టి ప్రాణం పోతే ఎట్లక్కా? అందుకే కూసుంటాండా" అంది.

నేను రాసిన మందునూనె అంతా ఒక్కసారి గుర్తొచ్చింది నాకు.

"నీకు కావాల్సింది నా కాడ ఉండాది, నాకు కావాల్సింది నీ కాడ ఉండాది. ఇంత దానికి నడుమ ఎవురు అడ్డం?" అంది పెద్దామె. నా వైపు తిరిగి, "సిస్టరూ, ఆ ట్రే ఆడ పెట్టి బిర్నా రా" అంది. నేనూ, ఆయా, ఆమె కలిసి హుసేన్‌బీ ఇనుపమంచాన్ని ఉత్తరం గోడకు లాగాం. నులకమంచం దక్షిణం గోడకు పోయింది. ఇప్పుడు ఆమె తల దక్షిణానికి, హుసేన్‌బీ తల ఉత్తరానికి. రెండు వరసలూ గీత గీసినట్టు ఉన్నాయి. హుసేన్‌బీ కుడిపక్కకు ఒరిగి, చేయి చెంప కింద పెట్టుకుని, టీ గంట కొట్టినా లేవకుండా నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి?

సూపరింటెండెంటుకు కావాల్సిన వరస వచ్చేసింది కాబట్టి సంతోషిస్తాడనుకున్నాను. ఆయన సంతోషించలేదు. తొమ్మిదిలో ఉండాల్సిన మనిషి పద్నాలుగులో ఉంది, అది తప్పు. సరిగ్గా ఆ వారమే నేను మా ఊరికి సెలవు మీద పోయాను. నా బదులు వచ్చిన అమ్మాయి గోడ చూసి మందులిచ్చింది. టీ పోసే మనిషి గోడ చూసి పోసింది. పద్నాలుగుకు చక్కెర లేని టీ, షుగరు మాత్ర. తొమ్మిదికి చక్కెర టీ. పద్నాలుగు కిందున్న పెద్దామె మాత్ర మింగలేదు, ఆ అమ్మాయి ఆమెను పిలవలేదు కదా. పిడికిలి మూసుకుని కూర్చుంది. తొమ్మిది కిందున్న హుసేన్‌బీ మాత్రం ఇచ్చిందల్లా తాగింది. నేను తిరిగి వచ్చేసరికి కళ్లు తేలేసి, నాలుక పిడచగట్టి ఉంది. డాక్టరు వచ్చి సూదులు వేసి, రెండు రోజులకు మనిషిని చేశాడు.

సూపరింటెండెంటుకు మంచి ఆయుధం దొరికింది. "చూశావా నీ పెత్తనం? ఆమెను చంపేదానివి. ఎవరి నెంబరుకు వాళ్లు పోండి" అన్నాడు. హుసేన్‌బీ అప్పటికే మంచం దిగబోతోంది, మళ్లీ ఆ కూర్చుని కునికే చోటికి పోవడానికి.

పెద్దామె ఆమె భుజం పట్టి వెనక్కు కూర్చోబెట్టింది. "మందు గోడకిస్తాండారా, మనిషికిస్తాండారా? ఆయమ్మ మొగం చూసి ఇచ్చింటే ఇట్లయ్యేదా?" అంది.

"ఇంతమంది మొహాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"మా ఆళ్లగడ్డలో రాతికి గూడా మొగం చెక్కి పేరు పెడతారు నాయనా. నువ్వు మొగమున్న మనిషికి నెంబరు పెడితివి."

ఆయన ఎర్రబడిపోయాడు. బంగ్లా నడిపే మిషన్ కమిటీ వస్తోంది, వాళ్ల ముందే తేలుస్తానని పోయాడు.

కమిటీ వస్తోందంటే గోడలకు సున్నం కొట్టడం మామూలు. కూలీలు వరండాకు సున్నం కొట్టి, బకెట్టూ కుంచే హాలు గుమ్మంలో పెట్టి అన్నాలకు పోయారు. నేను ఫార్మసీ గదిలో మందులు సర్దుకుంటున్నాను. మధ్యాహ్నం మాత్రల ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చి చూస్తే గోడల మీద ఒక్క అంకె లేదు. తడి సున్నం మెరుస్తోంది. పెద్దామె మోచేతుల దాకా సున్నంతో, ముక్కు మీద ఒక చుక్కతో, తన నులకమంచం మీద కూర్చుని వక్కాకు మడుచుకుంటోంది.

"అట్ల చూస్తావేం? పనోళ్లకు సాయం చేసినా" అంది.

ట్రేలో మందులు అంకెల మీద సర్ది ఉన్నాయి. గోడ మీద అంకెలు లేవు. ఇక నాకు మిగిలింది మనుషులే. ఒక్కొక్కరి ముందు ఆగి, "నిన్ను ఏమని పిలవాల?" అని అడుగుతూ పోయాను. రైల్వే ఆయన భార్య "పాట్టి అని పిలు, చాలు" అంది. బళ్లారి అక్కాచెల్లెళ్లు దొడ్డమ్మ, చిక్కమ్మ అయ్యారు. టీచరమ్మ, "రిటైరైతే మాత్రం, టీచరమ్మనే" అంది దర్జాగా. హుసేన్‌బీ కొంగు సవరించుకుని, "మా అన్న పిల్లోళ్లు ఫూఫూ అనేటోళ్లు. ఆ మాట ఇని శానా కాలమాయె" అంది. "ఫూఫూ, మాత్ర వేసుకో" అన్నాను. ఆమె నా చేతిలోంచి మాత్ర తీసుకుంటూ నా వేళ్లు అలాగే పట్టుకుంది.

ఆఖరికి పెద్దామె ముందుకొచ్చాను. ఆమె పిడికిలి మూసుకుని నా మొహంలోకి చూస్తోంది. "పెద్దమ్మా" అన్నాను.

సంజామల పక్క క్రిస్టియన్ల పిల్లను నేను. ఆమె ఇంటి ముందు మావాళ్లు చెప్పులు వేసుకుని నడవని కాలం ఆమె చూసింది. అమ్మ అక్కను పిలిచే పిలుపు అది. నేను ఆమెను అలా పిలవడానికి మా ఊళ్లో గానీ వాళ్ల ఊళ్లో గానీ ఎవరూ ఒప్పుకోరు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆమె పిడికిలి విప్పి, "ఇప్పుటికి నోరు తిరిగిందా?" అని మాత్ర మింగింది. నీళ్లు తాగి, చెంబు నా చేతికిచ్చింది, పక్కన పెట్టమని. ఎవరూ ముట్టుకోకూడని ఆ చెంబు.

కమిటీవాళ్లు వచ్చిన రోజు సూపరింటెండెంటు గోడలు చూపించి అంతా చెప్పాడు. ఆమె అందరి ముందూ క్షమాపణ చెప్పాలి, మంచాలు పాత చోట్లకు పోవాలి, లేదా ఆమె బంగ్లా వదలాలి అన్నాడు. కమిటీలో ఒక ఆవిడ మెత్తగా, "ఒక్క మాట తప్పయిందను తల్లీ, సరిపోతుంది" అంది.

పెద్దామె ఆమెతో మాట్లాడలేదు. సూపరింటెండెంటునే అడిగింది. "నేను పోతే ఈయమ్మ ఈడనే ఉంటాదా? తలాపు ఉత్తరానికి?"

"ఉంటుంది" అన్నాడు ఆయన, ఆమె ఎలాగైనా పోతే చాలని.

"అందరికీ ఇనపడేట్ల చెప్పు."

ఆయన అందరికీ వినపడేట్టు చెప్పాడు. "అయితే తప్పయిందని అనను. పోతా" అంది. ఆళ్లగడ్డలో అక్క కూతురు ఉందట, అక్కడికి. నేను అడ్డుపడబోతే, "నువ్వు ఊరుకో. నువ్వూ నాతో వస్తే వీళ్లను పిలిచేది ఎవురు?" అని నోరు మూయించింది. మర్నాడు మూట పట్టుకుని గేటు దాటింది. మంచం మాత్రం వదిలేసింది. "బస్సోళ్లతో మళ్ల పేచీ ఎందుకు? ఈడ పనికొస్తాది" అంది. ఏం పనికో అప్పుడు నాకు తోచలేదు.

సూపరింటెండెంటు మాట ఆమె మూటంత దూరం కూడా పోలేదు. ఆ వారంలోనే అంకెలు మళ్లీ రాయడానికి పెయింటరును పిలిపించాడు. అంకెలు రాగానే ఎవరి నెంబరుకు వాళ్లు పోవాలన్నాడు. నేను హాల్లోకి పరుగెత్తాను. ఉత్తరం గోడ పెయింటరుకు అందకుండా, దానికి ఆనించి పెద్దామె నులకమంచం అడ్డంగా వేసి ఉంది. దాని మీద హుసేన్‌బీ గోడకు వీపు ఆనించుకుని కూర్చుంది. ఒకపక్క పాట్టి, ఇంకోపక్క దొడ్డమ్మ. పెయింటరు నల్లరంగు డబ్బా పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడు.

"తొమ్మిదీ, లెయ్యి" అన్నాడు సూపరింటెండెంటు. ఎవరూ కదల్లేదు. "పద్నాలుగూ, నిన్నే" అన్నాడు. హుసేన్‌బీ నేల చూస్తోంది. ఆయన ఆమె పేరు కోసం నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "అమ్మా, కొంచెం లే" అన్నాడు.

హుసేన్‌బీ తలెత్తింది. "ఏం నాయనా, పిలిస్తివా?" అంది. "నేను లెయ్యను నాయనా. ఈ గోడ మాకు ఇట్లే బాగుండాది."

పెయింటరు డబ్బా మూత పెట్టుకుని పోయాడు. నేనున్నంతకాలం ఆ గోడల మీద మళ్లీ అంకె పడలేదు.

ఈ కబురు పట్టుకుని తర్వాతి ఆదివారం నేను ఆళ్లగడ్డ పోయాను. పెద్దామె అక్క కూతురింటి అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. నేను నిలబడే అంతా చెప్పాను. వక్కాకు నములుతూ విన్నది. పెయింటరు పోయిన చోటికి వచ్చేసరికి మోకాలి మీద చరుచుకుంది. తర్వాత అడిగింది.

"చివరికి ఏమని పిలిచినాడు?"

"అమ్మా అన్నాడు పెద్దమ్మా."

"అమ్మా అని ఎవుర్నైనా అంటారు. ఫూఫూ అనమని చెప్పు. వదలద్దు" అంది. అదే ఆమె మెచ్చుకోలు.

సాయంత్రం బస్సుకు నాతో పాటు బయలుదేరింది. అక్క కూతురు గుమ్మంలోంచి వద్దన్నట్టు చూసింది, నా తెల్లచీర వైపూ చూసింది. పెద్దామె ఆ చూపును ఖాతరు చెయ్యలేదు. నా పక్కనే, నడివీధిలో, బస్టాండు దాకా నడిచింది. తెలిసినవాళ్లు ఎదురుపడి, ఈ పిల్ల ఎవరన్నట్టు చూసి పోతున్నారు. బస్సు నిండిపోయి ఉంది. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఏయ్ టికెట్టూ, ఎక్కి వెనకాల నిలబడు" అన్నాడు.

"ఏమప్పా" అంది పెద్దమ్మ. బస్టాండు బస్టాండంతా ఇటు తిరిగింది. "ఎవుర్నంటాండావు? మా చెల్లెలి కూతురు. పిలిచి సీటియ్యి."